గాజుబల్ల మీద ఎర్ర పెన్సిల్

ఈ వృత్తిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు పోతిరెడ్డిపల్లిలో మా ఇంటికి వస్తుంటారు. పిల్లలంటే మరీ చిన్నవాళ్ళు కారు. ఇంజనీరింగు ముగించి, అమీన్‌పూర్‌లో నలుగురు కలిసి ఒక ఫ్లాటు కిరాయికి తీసుకుని, మెడలో కంపెనీ కార్డు వేసుకుని తిరిగేవాళ్ళు. ఛాయ్ సగం తాగాక అందరూ అడిగే ప్రశ్న ఒకటే.

"సార్, ఇప్పుడు బోర్డంతా సాఫ్ట్‌వేరే గీస్తుంది గదా. ఇగ మేమెందుకు?"

మంచి ప్రశ్న. పటాన్‌చెరులో మా కంపెనీకి మొట్టమొదటి కంప్యూటరు దిగిన రోజున కూడా ఒకాయన ఇదే అడిగాడు. ఆయన వయసు అప్పటికి యాభై నాలుగు. ఆయనకు ఏం జరిగిందో చెబితే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. నోటితో చెబితే మధ్యలో మీ ఫోన్లు మోగుతాయి కాబట్టి రాస్తున్నాను.

నాకు పద్దెనిమిదేళ్ళ వయసు నుంచి డైరీ రాసే అలవాటు. మా బీరువాలో కింది రెండు అరలూ అవే. ఇది రాయడానికి వాటిని మళ్ళీ తీశాను. ప్రమోషన్లు, ఫైళ్ళు, ఇన్‌స్పెక్షన్లు వదిలేస్తున్నాను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకేలా ఉంటాయి, అన్నిట్లోనూ ఆలస్యంగానే వస్తాయి.

మేం చేసే పని

మా బంధువుల్లో సగం మంది నేను ప్లాట్ల లే-అవుట్లు గీస్తాననే అనుకున్నారు. మా మేనమామ ఒకాయన రోడ్డు పక్క ప్లాటు ఒకటి చూడమని రెండేళ్ళు వెంటపడ్డాడు. కాదు మామా, నేను గీసేది సర్క్యూట్ బోర్డుల లే-అవుట్ అంటే, "దాంట్ల గజం ఎంత?" అన్నాడు.

ఏ టీవీనో, మిక్సీనో విప్పితే లోపల ఒక ఆకుపచ్చ పలక కనిపిస్తుంది. దాని మీద రకరకాల భాగాలు నిలబడి ఉంటాయి. పలకను తిప్పి చూస్తే వెనక సన్నని రాగి గీతలు. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కరెంటు ఆ గీతల మీదుగా నడుస్తుంది. ఏ భాగం ఎక్కడ కూర్చోవాలి, ఏ గీత ఏ దారిన పోవాలి, ఒకదాన్నొకటి తాకకుండా, దాటకుండా ఎలా పోవాలి అన్నది తేల్చడమే మా పని. అంతే. వినడానికి ముగ్గు వేసినంత తేలిక. రెండు వందల చుక్కలుండి, ఒక్క గీత కూడా ఇంకో గీతను దాటకూడదంటే అప్పుడు తెలుస్తుంది.

నేను చేరినప్పుడు ఇదంతా చేతిపని. అడుగున ట్యూబులైట్లు వెలిగే ఒక గాజుబల్ల ఉండేది. దాని మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి, భాగాల కాళ్ళు వచ్చే చోట గుండ్రటి నల్ల స్టిక్కర్లు, వాటి మధ్య సన్నని నల్ల టేపు అతికించేవాళ్ళం. బోర్డు అసలు కొలతకు రెండింతలుగా షీటు తయారయ్యేది. తర్వాత హైదరాబాదులో ఒక స్టూడియోవాళ్ళు దాన్ని ఫోటో తీసి, సగానికి తగ్గించి ఫిల్ము ఇచ్చేవాళ్ళు. ఆ ఫిల్మును బట్టి రాగి పలక తయారవుతుంది.

నా మొదటి ఘనకార్యం ఆ ఫిల్మును బోర్లా పెట్టి పంపడం. రెండు వందల బోర్డులు అద్దంలో ప్రతిబింబంలాగా, కుడి ఎడమై వచ్చాయి. మా సేటు ఒక బోర్డును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"మంచిగున్నది సుదర్శన్. దీంతోని పాటు ఒక్కొక్క గిరాకికి ఒక్కొక్క అద్దం గూడ ఇద్దామా?"

ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఒకే వాక్యం: "ఫిల్ము మీద పేరు రాయాలి, పేరు సరిగా చదవగలిగితే ఫిల్ము సరిగా ఉన్నట్టు." మీరిప్పుడు కూడా బోర్డు మీద ఏదో ఒక అక్షరం చెక్కుతారే, అది అందుకే. అందానికి కాదు.

ఇద్దరు పెద్దమనుషులు

వీరేశం సేటుది సంగారెడ్డి గంజ్ మార్కెట్లో ధాన్యం వ్యాపారం చేసిన కుటుంబం. ఆయనొక్కడే వచ్చి పటాన్‌చెరులో షెడ్డు వేశాడు. బోరుబావి మోటార్లకు స్టార్టరు పెట్టెలుంటాయి కదా, వాటి లోపల పెట్టే కంట్రోలు కార్డులు చేసేవాళ్ళం. ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్ళు అడుగంటినా మోటారును ఆపేసే కార్డు. సేటు కోపిష్టి. కానీ తన ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నవాణ్ణి ఎన్నడూ పనిలోంచి తీసేయలేదు. తప్పించుకున్నవాణ్ణి మాత్రం ఎన్నడూ క్షమించలేదు. నా ఉద్యోగకాలంలో ఆరుగురు బాసులను చూశాను. ఈయనకంటే మర్యాదగా మాట్లాడినవాళ్ళు అయిదుగురు, ఈయనకంటే నేర్పినవాళ్ళు ఎవరూ లేరు.

రెండో ఆయన ఖలీల్ సాబ్. సదాశివపేట మనిషి. రోజూ మొదటి బస్సులో వచ్చేవాడు. టేపు పనిలో మాకందరికీ గురువు. కాగితం మీద సర్క్యూట్ చూసి, కాసేపు కళ్ళు మూసుకుని, షీటు దగ్గర కూర్చుంటే రెండు వారాల్లో లేచేవాడు. ఆయన గీసిన కార్డు పొలంలోంచి తిరిగి రావడం నేను చూడలేదు. మాట సరదాగా ఉండేది. బాగా వేడెక్కే భాగం ఒకటుంటుంది, దాన్ని మూలకు తోస్తూ అనేవాడు, "వీడు గరం మనిషి బేటా. వీని పక్కకు ఎవల్నీ కూసోబెట్టొద్దు."

పొద్దున రాగానే షీటు మీద ఒక ఎర్ర పెన్సిల్ పడుకోబెట్టేవాడు. పని మొదలయ్యేది ఆ తర్వాతే. ప్రతి చేతిపని మనిషికీ ఇలాంటి ముచ్చట ఒకటి ఉంటుందని మేము నవ్వుకునేవాళ్ళం.

చెప్పులు విప్పి లోపలికి

కంప్యూటరుకు వేరే గది కట్టించారు. ఏసీ పెట్టారు. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళాలి. ఖలీల్ సాబ్ గుమ్మం దగ్గర ఆగి, బూట్ల లేసులు విప్పుతూ నా వైపు చూశాడు.

"లోపల ఏమున్నది బేటా, పీర్లున్నయా?"

లోపల ఉన్నది లే-అవుట్ గీసే సాఫ్ట్‌వేర్. సర్క్యూట్ ఎక్కించి, భాగాలను తెర మీద పేర్చి, గీత ఎంత వెడల్పు, గీతకు గీతకు ఎంత ఎడం అని నియమాలు చెప్పి మీట నొక్కితే, దారులన్నీ అదే వెతికి గీస్తుంది. గీసినదాన్ని అదే సరిచూసి తప్పులెన్నో చెబుతుంది. అమ్మినవాళ్ళు ఒక చిన్న బోర్డు మీద చూపించారు. మేము రెండు రోజులు చేసే పని మూడు నిమిషాల్లో అయిపోయింది.

అప్పుడే ఖలీల్ సాబ్ అడిగాడు, మెల్లగా, "సేటూ, అంత ఇదే గీస్తె ఇగ నేనెందుకు?"

సేటు సూటి మనిషి. "ఒక కార్డు దీని మీద చేద్దాం ఖలీల్ సాబ్. మంచిగ నడిస్తె టేపు బల్ల బంద్. మీకు ప్యాకింగుల పని ఇస్త. జీతం గదే."

ప్యాకింగ్ అంటే కార్డులను థర్మకోల్‌లో పెట్టి డబ్బాలకు అంటుపట్టీ వేసే పని. ఖలీల్ సాబ్‌కు బయటకు వచ్చి లేసులు కట్టుకోవడానికి చాలా సేపు పట్టింది.

కంప్యూటరు బాధ్యత నాది. నేను పద్ధతి ప్రకారం పోయే మనిషిని. సాఫ్ట్‌వేర్‌కు నియమాలు కావాలి, నియమాలు ఖలీల్ సాబ్ తలలో ఉన్నాయి, కాబట్టి ఆయనను అడిగి రాసుకోవాలి. మూడు మధ్యాహ్నాలు ఆయన ఎదురుగా నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాను. పోబోయేది తన బల్లే అని తెలిసి కూడా ఆ మనిషి ఓపికగా చెప్పాడు. ఎక్కువ కరెంటు పోయే గీత లావుగా ఉండాలి. మలుపు నేరుగా తిప్పకూడదు, ఏటవాలుగా తిప్పాలి. స్క్రూ రంధ్రం చుట్టూ ఏమీ రానీయకూడదు. ఇలా పదకొండు నియమాలు.

"ఇంకేమన్న ఉన్నయా ఖలీల్ సాబ్?"

"గంతే బేటా. ఇగ మిగిలింది చెయ్యి చూసుకుంటది."

నేను ఆ చివరి మాట కూడా రాసుకున్నాను. పదకొండు నియమాలనూ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాను. ఆ మాటను ఎక్కించడానికి దాంట్లో గడి ఏదీ లేదు.

తప్పులు: సున్నా

కార్డు తయారైంది. సాఫ్ట్‌వేర్ దాన్ని సరిచూసి తెర మీద వేసిన మాట నా డైరీలో ఎర్ర సిరాతో ఉంది: తప్పులు సున్నా. పాత కార్డుకంటే పరిమాణం మూడో వంతు తగ్గింది. టెస్టింగ్ బల్ల మీద నాలుగు రోజులు నిండు వోల్టేజి పెట్టి నడిపాం, చెక్కు చెదరలేదు. సేటు గంజ్ నుంచి మిఠాయి తెప్పించాడు. ఖలీల్ సాబ్ నాకు తన వాటా లడ్డూ కూడా ఇచ్చి భుజం తట్టాడు.

"మంచిగ చేసినవ్ బేటా. చిన్నగ, ముద్దుగ ఉన్నది."

మర్నాటి నుంచి ఆయన ప్యాకింగులో. గాజుబల్ల మీద ఎవరో టిఫిన్ డబ్బాలు పెట్టుకోవడం మొదలుపెట్టారు.

అదంతా ఎండాకాలం. మొదటి వానలు పడ్డాక మా సర్వీసు మెకానిక్ మాణిక్యం ఒక కాలిన కార్డు పట్టుకొచ్చాడు. లక్డారంలో బాలమణి అనే రైతు బోరు దగ్గరిది. కార్డు మధ్యలో రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ.

"ఎట్ల కాలింది?"

"నాకేమెర్క? బాలమణక్క తిడుతుంది సార్. 'మీ పాత డబ్బా పదేండ్లు గుడ్డెద్దు లెక్క నడిసింది, ఈ కొత్తది వాన మొగులు సూస్తెనే సచ్చింది, దీన్ని ఎవడు చేసిండో వాన్ని నా మడిల నాటేయిస్త' అన్నది."

పిడుగు పడి ఉంటుందన్నాను. వారంలో మరో నాలుగు వచ్చాయి. తర్వాతి వారానికి బల్ల మీద పదకొండు కార్డులు, పదకొండింటి మీదా అదే చోట అదే మచ్చ. పిడుగుకు అంత పద్ధతి ఉండదు.

భూతద్దం పెట్టి చూస్తే విషయం తెలిసింది. మోటారుకు వెళ్ళే నాలుగు వందల పదిహేను వోల్టుల గీతలకూ, కార్డును నడిపించే చిన్న వోల్టేజి గీతలకూ మధ్య ఎడం వెంట్రుకంత ఉంది. ఏసీ గదిలో, పొడి గాలిలో అది చాలు. పొలంలో స్టార్టరు పెట్టెలోకి వాన తేమ వస్తుంది, దుమ్ము వస్తుంది, చీమలు కాపురం పెడతాయి. తేమా దుమ్మూ కలిసి ఆ సందులో కరెంటుకు దారి వేసేశాయి. నేను సాఫ్ట్‌వేర్‌కు ఎడం ఎంత అని ఒకే ఒక్క కొలత చెప్పాను, అది అన్ని గీతలకూ అదే వాడింది. చెప్పిన మాట తు.చ. తప్పకుండా విన్నది.

ఆ తర్వాత ఇంకో సంగతి గుర్తొచ్చింది. చిన్న వోల్టేజి వైపు నుంచే పెట్టె తలుపు మీది బటనుకు తీగలు పోతాయి. తడి చేత్తో రైతు నొక్కేది ఆ బటనునే. అప్పటిదాకా కాలినవి కార్డులు మాత్రమే. అది మా తెలివి కాదు, అదృష్టం. సేటుకు వెంటనే చెప్పాను. ఆయన కూడా క్షణం ఆలోచించలేదు. అమ్మిన కార్డులన్నీ వెనక్కి తెమ్మని మాణిక్యాన్నీ, మరిద్దరినీ అదే గంటలో పంపించాడు.

అక్కడివరకు సేటు చేసింది సరైన పని. తర్వాత మాత్రం దారి తప్పాడు.

దాచిపెట్టాడన్న మాట

"ఖలీల్ సాబ్ గీసిన పాత కార్డులల్ల గా సందు ఎంత ఉండె?" అని అడిగాడు సేటు.

"చాలా ఉండె సేటూ. గందుకే అవి కాలలే."

"అంటె ఆయనకు ఎరుక. ఎరుకుండి నీకు చెప్పలే. పదకొండు నియమాలు చెప్పి, అసలుది కడుపుల పెట్టుకున్నడు. మిషిన్ ఖరాబైతె మళ్ళ బల్ల మీదికి రావొచ్చని."

"అట్లాంటి మనిషి కాదు సేటూ."

"బల్ల పోతదంటె ఎవలైన అట్లాంటి మనిషే. సోమవారం లెక్క తీసి పంపించేస్త. జనాల చేతులు కాలేటియి. ఇది మాఫ్ చేసేటిది గాదు."

అది శుక్రవారం. గోడలకు చెవులుండే షెడ్డు మాది; ఆ మాట ప్యాకింగుకు మాకంటే ముందే చేరింది. నేను వెళ్ళేసరికి ఖలీల్ సాబ్ డబ్బాలకు అంటుపట్టీ వేస్తున్నాడు. పక్కన పనిచేసేవాళ్ళు ఆయనకు రెండు గజాలు దూరం జరిగి కూర్చున్నారు.

"ఇన్నవా బేటా? నేను చోర్‌నంట." పట్టీ పళ్ళతో కొరికి తెంచాడు. "నౌకరీ పోతె పోనీ. సదాశివపేటల నా తమ్ముని రేడియో దుకాణం ఉన్నది. గని దాచిపెట్టిన అన్న మాట ఉండొద్దు. గా మాట నా వెనక మా ఊరి దాక వస్తది."

నేను బీరువాలోంచి ఆయన పాత షీటు ఒకటి పట్టుకెళ్ళాను. డబ్బాల మీద పరిచాను. మధ్యలో పై నుంచి కింది దాకా ఒక ఖాళీ పట్టీ. అటు పెద్ద వోల్టేజి, ఇటు చిన్న వోల్టేజి, మధ్యలో ఒక్క టేపు ముక్క లేదు. ఊరి మధ్య రహదారిలా.

"ఖలీల్ సాబ్, ఈ ఖాళీ ఎందుకు పెట్టిన్రు?"

ఆయన వంగి చూశాడు. నిజంగానే అర్థం కానట్టు నా ముఖం చూశాడు.

"ఏం ఖాళీ? అది అట్లనే ఉంటది గదా."

"ఎంత ఉండాల్నని ఎట్ల లెక్క పెడ్తరు?"

"లెక్క ఏంది? అట్లనే వస్తది బేటా. నన్ను పరేషాన్ చెయ్యకు."

ఇంకో నాలుగు షీట్లు తీసి స్కేలుతో కొలిచాను. అయిదేళ్ళ తేడాతో గీసినవి. అన్నిటిలోనూ ఆ పట్టీ ఎనిమిది మిల్లీమీటర్లు. లెక్క లేకుండా అన్నిసార్లూ ఎనిమిది రాదు. చేయి దేనితోనో కొలుస్తోంది, మనిషికే తెలియదు. దేనితో?

ఇంటికి వెళ్ళి డైరీలు ముందు వేసుకున్నాను. నేను చేరిన మొదటి నెలలోనే దొరికింది. అప్పటి నా చేతిరాతలో ఇలా ఉంది: "ఖలీల్ సాబ్ పొద్దున రాగానే షీటు మధ్యలో ఎర్ర పెన్సిల్ నిలువుగా పెడతాడు. దానితో గీయడు; గీయడానికి వేరే పెన్సిల్ ఉంది. టేపంతా దానికి అటూ ఇటూ వేస్తాడు. సాయంత్రం తీసి జేబులో పెట్టుకుంటాడు, పొద్దున మళ్ళీ అక్కడే పెడతాడు. వింత అలవాటు. అందరం నవ్వుకున్నాం."

మర్నాడు పొద్దునే ఆ పెన్సిల్ అడిగి తీసుకున్నాను. షీటు మీది ఖాళీలో పెట్టాను. ఇటు టేపు, అటు టేపు, మధ్యలో సరిగ్గా పట్టింది. షీటు రెండింతల కొలత కాబట్టి, అసలు బోర్డు మీద అది నాలుగు మిల్లీమీటర్ల ఎడం. వానలకు సరిపోయే ఎడం.

"ఇది ఎవరు నేర్పిన్రు ఖలీల్ సాబ్?"

"మా ఉస్తాద్ పెట్టేటోడు. పెన్సిల్ లేకుంట కూసుంటె నెత్తి మీద ఒకటిచ్చేటోడు. నేను పెట్టిన. ఎందుకో ఆయన చెప్పలే, నేనడగలే." పెన్సిల్‌ను వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "ఇది నియమమా బేటా? నేను పెన్సిల్ అనుకున్న."

సేటు గదిలో

డైరీ చంకలో పెట్టుకుని సేటు గదికి వెళ్ళాను. గడప దగ్గర కాసేపు ఆగాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను. ఖలీల్ సాబ్ మీది మాట తుడిచేస్తే అది గాల్లో కలిసిపోదు, వచ్చి నా మీద కూర్చుంటుంది. కంప్యూటరు గది నాది, నియమాలు ఎక్కించింది నేను. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. డైరీ నా ఇంట్లోది.

పేజీ తెరిచి బల్ల మీద పెట్టాను. సేటు అద్దాలు సవరించుకుని, చదివి, మళ్ళీ చదివాడు.

"గిది నువ్వే రాసినవా?"

"నేనే సేటూ."

"పెన్సిల్ చూసినవ్, దాంతోని గీస్తలేడని చూసినవ్, టేపు అటిటు వేస్తున్నడని చూసినవ్. అంత రాసిపెట్టినవ్. ఎందుకు పెట్టిన్రని అడగలే?"

"అడగలే."

"ఏం?"

"నవ్వొచ్చింది సేటూ."

సేటు డైరీ మూసి, దాని అట్ట మీద అరచెయ్యి పెట్టాడు. నేను తిట్ల కోసం సిద్ధమయ్యాను. తిట్లు రాలేదు.

"మా నాయిన ధాన్యం సంచిల చెయ్యి పెట్టి తేమ ఎంతో చెప్పేటోడు. మిషిన్ తెచ్చి సూస్తె గంతే ఉండేది. నేను గూడ ఎన్నడు అడగలే, చేతికి ఏం తెలుస్తది నాయినా అని." లేచాడు. "పా."

ప్యాకింగులో అందరి ముందూ నిలబడ్డాడు. క్షమాపణ అడగడం ఆయనకు అలవాటు లేని పని. అందుకే సరుకు ధర చెప్పినట్టు గట్టిగా చెప్పాడు.

"ఖలీల్ సాబ్ ఏం దాచలే. మేమే అడగలే. తప్పు మాది. మల్ల ఇంకెవలన్న ఇంకో మాట అంటె నా దగ్గరికి రావాలె." తర్వాత గొంతు తగ్గించి, "పాండి ఖలీల్ సాబ్, మీ బల్ల కాడికి."

దూరం జరిగినవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. ఖలీల్ సాబ్ తల ఎత్తలేదు. చేతిలో డబ్బా సగం మూసి ఉంది.

"వస్త సేటూ. ఈ డబ్బా అయిపోనీ."

సేటు నిలబడే ఉన్నాడు. ఖలీల్ సాబ్ పట్టీ లాగి, అంచులు నొక్కి, గాలి లేకుండా బొటనవేలితో సాపు చేసి, డబ్బాను వరసలో పెట్టి, అప్పుడు లేచాడు.

చేతుల్ని చూడడం

తర్వాతి మూడు వారాలు నా ఉద్యోగంలో అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్న రోజులు. ఖలీల్ సాబ్ అదే కార్డును మళ్ళీ టేపుతో చేశాడు. నేను పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా, చేతులు చేసే ప్రతి పనినీ రాశాను. మొదటి రోజు ఆయన టేపు రెండుసార్లు కింద పడేశాడు.

"పెండ్లి చూపులల్ల పిల్ల లెక్క సూస్తున్నవ్. నాకు చెయ్యి ఆడుతలేదు. జెర గోడ దిక్కు సూడు."

రెండో రోజుకు నన్ను మరిచిపోయాడు. అప్పటి నుంచి అసలు సంగతులు బయటపడ్డాయి. షీటు ఒక అంచున వేలు పట్టేంత జాగా ఎందుకు వదులుతాడంటే, కార్డు బిగించేవాడు అక్కడే పట్టుకుంటాడు. ఒకే రకం భాగాలన్నిటినీ ఒకే దిక్కుకు ఎందుకు తిప్పుతాడంటే, అమర్చేవాళ్ళు తలకిందులు పెట్టకుండా. నోటితో చెప్పిన నియమాలు పదకొండు. చేతిలోంచి ఇంకో పంతొమ్మిది దొరికాయి. వాటిలో కొన్నిటికి సాఫ్ట్‌వేర్‌లో గడి ఉంది, ఎక్కించాను. గడి లేనివాటిని ఒక కాగితం మీద రాసి తెర పక్కన అతికించాను.

అన్నీ పెట్టి మీట నొక్కితే సాఫ్ట్‌వేర్ మూడు గీతల దగ్గర ఆగిపోయింది. దారి లేదంది. నేను నియమాలు సడలిస్తే ఎలా ఉంటుందా అని చూస్తున్నాను. ఖలీల్ సాబ్ ఏసీకి శాలువా కప్పుకుని నా వెనక కూర్చున్నాడు.

"గా ట్రాన్స్‌ఫార్మర్‌ను పక్కకు తిప్పు. మొకం గోడకు పెట్టుకోని కూసున్నది. ఎట్ల మాట్లాడతరు దాంతోని?"

తిప్పాను. మీట నొక్కాను. నిమిషంలో మొత్తం పూర్తయింది.

మీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇదే. గీతలు గీయడం యంత్రానిదే, ఇవాళ్టి సాఫ్ట్‌వేర్లు మా పాతదానికంటే వెయ్యి రెట్లు తెలివైనవి, వాటితో పోటీపడి చేత్తో గీస్తామనేవాళ్ళు టైము వృథా చేస్తున్నారు. కానీ అది తనకు చెప్పినదాన్నే పాటిస్తుంది. చెప్పాల్సింది ఏదో కనిపెట్టడం మీ ఉద్యోగం. అది అనుభవమున్నవాళ్ళ నోట్లో సగమే ఉంటుంది. మిగతా సగం కోసం వాళ్ళ పక్కన కూర్చుని చూడాలి. చూసినదాంట్లో ఏదైనా నవ్వు తెప్పిస్తే, అక్కడ ఆగి తప్పకుండా అడగాలి. తెర మీద తప్పులు సున్నా అని పడితే సంతోషించండి, మిఠాయి మాత్రం ఒక వానాకాలం గడిచాక తెప్పించండి.

మరుసటి వానలు

కొత్త కార్డులు పాత పెట్టెల్లో బిగించేసరికి ఆ వానలు వెళ్ళిపోయాయి. అంటే అసలు పరీక్షకు ఏడాది ఆగాలి. ఖలీల్ సాబ్ ఆ ఏడాదంతా మామూలుగానే ఉన్నాడు, వేసవి చివర మబ్బు పట్టేదాకా. ఆ తర్వాత మాణిక్యం స్కూటరు చప్పుడు వినిపిస్తే చాలు, చేస్తున్న పని ఆపి కిటికీలోంచి చూసేవాడు. ఎవరూ ఆయనను ఏమీ అనేవాళ్ళు లేరు. అయినా చూసేవాడు. నేనూ చూసేవాణ్ణి.

ఒకసారి మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. షెడ్డు రేకుల మీద మోతకు మాట వినిపించేది కాదు. నాలుగో రోజు మధ్యాహ్నం మాణిక్యం తడిసి ముద్దై వచ్చాడు, చేతిలో బరువైన గోనెసంచి.

"యాడికెల్లి?" అన్నాడు ఖలీల్ సాబ్.

"లక్డారం. బాలమణక్క ఇచ్చింది."

ఇద్దరం సంచి వైపే చూశాం. మాణిక్యం దాన్ని గాజుబల్ల మీద బోర్లించాడు. పై ఆకులు విప్పని మక్క కంకులు దొర్లాయి.

"కార్డేది?" అన్నాను.

"ఏం కార్డు సార్? నడుస్తనే ఉన్నది గద. కొత్త కార్డు చేసినోళ్ళకు ఇయ్యుమని ఇచ్చింది."

ఖలీల్ సాబ్ ఒక కంకి తీసుకుని, పై ఆకు కొద్దిగా విప్పి, గింజను గోటితో గిచ్చి చూశాడు. పాలు చిమ్మింది.

"పొయ్యి ముట్టియ్యుమను సేటును. ఈ వానకు మన దగ్గర కాలేటియి ఇవే."